బానెట్ ఎత్తడం నేర్పిన అంబాసిడర్: ఒక పాత కారు, దాని వెనకాల చరిత్ర

ఈ రోజు పోస్టు టమోటా రేటు గురించి కాదు, వేరుశెనగ గురించీ కాదు. ఒక పాత కారు గురించి. కొంచెం పెద్దదే. రాత్రి మోటరుకు కరెంటు వచ్చేదాకా మేలుకొని ఉంటారు కదా, అప్పుడు చదువుకోండి.

టమోటా నాలుగు రూపాయలు మిగిల్చిన ఒక సీజన్లో నేను అంబాసిడర్ కారు కొన్నాను. 1977 మోడల్, మార్క్ 3, పెట్రోల్ బండి. మా ఇంట్లో అంతకుముందు కారు అనేదే లేదు. మా ఆవిడ "ఆ దుడ్డుకు రెండు ఆవులొచ్చేవి" అనింది. మా చిన్నాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, డోరు తట్టి చూసి, "ఒరే, ఇది కారు కాదురా, పాత ఇనుము" అన్నాడు. నాకు మాత్రం చిన్నప్పుడు పెండ్లికొడుకును ఎక్కించుకుని ఊళ్ళోకి వచ్చిన తెల్ల అంబాసిడరే కళ్ళల్లో ఉండిపోయింది. దాని వెనకాల దుమ్ములో పరిగెత్తిన పిల్లోళ్ళలో నేనూ ఒకణ్ణి.

మూడు నెలలు బాగానే తిరిగింది. నాలుగో నెల ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని హార్స్లీ హిల్స్ ఘాటు ఎక్కుతుంటే సగం దూరంలో బానెట్ సందుల్లోంచి ఆవిరి మొదలైంది. దిగి, రేడియేటర్ మూత గుడ్డతో పట్టుకుని తిప్పినాను. వేడినీళ్ళు ఎగజిమ్మినాయి. చెయ్యి తప్పించుకున్నాను కానీ తెలివి తప్పించుకోలేదు. చేతిలో ఉన్న చన్నీళ్ళ బాటిల్ అట్లే కాగిపోయిన ఇంజన్లో పోసేసినాను. ఆ పొద్దు నా పిల్లోళ్ళు కొండ మీది చల్లగాలి చూడలేదు, రోడ్డు పక్కన టోయింగ్ బండి కోసం కూర్చున్నారు.

మదనపల్లెలో పాత బండ్లు చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. అందరూ భాయ్ అంటారు. ఆయిల్ పుల్ల తీసి చూపించినాడు. ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంది. "హెడ్ గ్యాస్కెట్ పోయింది. నీళ్ళు ఆయిల్లోకి దిగినాయి" అన్నాడు. తర్వాత అడిగినాడు:

"కొన్నప్పటి నుంచి ఎన్నిసార్లు బానెట్ ఎత్తినావు?"

"ఎందుకు ఎత్తాల భాయ్? బాగానే పోతా ఉండింది కదా."

"అదే నువ్వు చేసిన తప్పు. ఇది బానెట్ మూసి తోలే బండి కాదు. నీ మోటరు సైకిలు, నీ కొడుకు కొనబోయే కొత్త కారు వేరే. ఇది తయారైనప్పుడే ఓనరు దీన్ని చూసుకుంటాడని నమ్మి తయారు చేసినారు."

బండి బాగు చేస్తాను కానీ, నాలుగు ఆదివారాలు వచ్చి పక్కన కూర్చుని నేర్చుకోవాలని షరతు పెట్టినాడు. వెళ్ళినాను. ఆ నాలుగు ఆదివారాల్లో నాకు అర్థమైంది ఏమంటే, ఆ బండిలో ప్రతి భాగం వెనకాల ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే రిపేరు సగం తెలిసినట్టే. అందుకే మీతో పంచుకుంటున్నా.

కారు రాజులదిగా ఉన్నప్పుడు

మన దేశానికి కారు వచ్చిన తొలి రోజుల్లో అది ప్రయాణానికి కన్నా దర్జాకే ఎక్కువ పనికొచ్చింది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ ఒకటి ఉంది, చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని ఆర్డరు చేసినాడు. బండి వచ్చేలోపే, 1911లో ఆయన కాలం చేసినాడు. తర్వాత ఏడో నిజాం దాన్ని పెద్ద పెద్ద వేడుకలకే బయటికి తీసినాడు. ఇన్ని దశాబ్దాల్లో అది తిరిగింది కొన్ని వందల మైళ్ళే. అట్లాంటి కార్లకు ఓనరు బానెట్ ఎత్తాల్సిన పని లేదు. డ్రైవరు వేరే, మెకానిక్కు వేరే, తుడిచేవాడు వేరే.

కారు సంగతి అట్లుంటే, మోటారు పని మామూలు జనానికి నేర్పింది బస్సులూ లారీలూ. 1932లో నిజాం రాజ్యంలో ప్రభుత్వ బస్సులు 27 బండ్లతో మొదలైనాయి. ఆ పైన రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యం కోసం వేల లారీలు, జీపులు దేశంలోకి దిగినాయి. వాటిని చూసుకోవడానికి 1943లో సైన్యంలో ప్రత్యేకంగా మెకానికల్ విభాగం పెట్టినారు. ఇప్పుడు మనం ఈఎంఈ అంటున్నది అదే. యుద్ధం అయిపోయినాక మిగిలిన బండ్లను వేలం వేసినారు. సైన్యంలో పని నేర్చిన వాళ్ళు ఇండ్లకు వచ్చినారు. బండ్లూ వచ్చినాయి, బండి పని తెలిసిన చేతులూ వచ్చినాయి.

భాయ్ కూడా అదే అంటాడు. తనకు పని నేర్పిన ఉస్తాదు మిలిటరీ లారీల మీద నేర్చినోడంట. అందుకే ఆయన దగ్గర ఇప్పటికీ ఒక పద్ధతి ఉంది. విప్పిన ప్రతి నట్టు విప్పిన వరసలోనే గోనెపట్ట మీద పెడతాడు. నట్టు వరస తప్పిస్తే నా మీద కూడా కేకలేసినాడు.

అంబాసిడర్ ఎట్లా పుట్టింది

హిందుస్థాన్ మోటార్స్‌ను బిర్లాలు 1942లో పెట్టినారు. మొదట గుజరాత్‌లోని ఓఖా రేవు దగ్గర. స్వాతంత్ర్యం వచ్చినాక 1948లో ఫ్యాక్టరీని బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాకు మార్చినారు. కారు డిజైను మాత్రం వాళ్ళది కాదు. ఇంగ్లండులో మోరిస్ కంపెనీ చేసిన కార్లనే తీసుకుని ఇక్కడ తయారు చేసినారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో రకం ఇక్కడ ల్యాండ్‌మాస్టర్ అయింది. మూడో రకం అంబాసిడర్ అయింది. అది 1957 చివర, 1958 మొదట్లో రోడ్డు ఎక్కింది. తొలి అంబాసిడర్లకు పాత సైడ్ వాల్వు ఇంజన్ ఉండేది. 1959లో దాని స్థానంలో 1489 సీసీ ఇంజన్ పెట్టినారు. నా బండిలో ఉన్నది ఆ ఇంజనే. దాన్నే కొంచెం కొంచెం మారుస్తా దశాబ్దాలు నడిపించినారు.

ఎందుకు మార్చలేదు? దీనికి జవాబు ఇంజన్లో లేదు, ఢిల్లీలో ఉంది. 1951లో పరిశ్రమల చట్టం వచ్చింది. ఏ ఫ్యాక్టరీ ఎంత సరుకు చేయాలన్నా లైసెన్సు కావాలి. ఇక్కడే భాగాలు తయారు చేయడానికి ఒప్పుకోని విదేశీ కంపెనీలు 1953 తర్వాత మూట ముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగిస్తున్న జనరల్ మోటార్స్ కూడా అప్పుడే మూసుకుంది. ఇక దేశంలో మిగిలిన కార్లు ప్రధానంగా మూడు. కలకత్తా వైపు అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ వాళ్ళ ఫియట్, మద్రాసులో స్టాండర్డ్. కారు ఎవరికి అమ్మాలి, ఎట్లా అమ్మాలి అన్నదాని మీద కూడా 1959లో ఉత్తర్వు వచ్చింది. డబ్బు కట్టి పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి.

అన్నలారా, మన ఊళ్ళల్లో కరెంటు సర్వీసు కోసం డీడీ కట్టి ఎదురు చూసినట్టే ఇది కూడా. అడిగేవాళ్ళు ఎక్కువ, సరుకు తక్కువ. అట్లాంటప్పుడు అమ్మేవాడికి బండిని బాగు చేయాలన్న తొందర ఉండదు. కొన్నవాడికి బండిని కాపాడుకోవాలన్న తొందర మాత్రం ఉంటుంది. ఇది పోతే ఇంకోటి దొరికేదాకా నడిచి పోవాల్సిందే కదా.

కష్టంలోంచి ఒక లాభం కూడా పుట్టింది. బండి మారలేదు కాబట్టి సామాను కూడా పెద్దగా మారలేదు. ఒక ఊర్లో నేర్చిన పని ఏ ఊర్లోనైనా పనికొచ్చింది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా చెట్టు కింద కూర్చున్న మెకానిక్కు కూడా అంబాసిడర్ తెలుసు. విజయవాడ ఆటోనగర్, బెంగళూరు జేసీ రోడ్డు, మద్రాసు పుదుపేట లాంటి చోట్ల పాత సామాను దొరికేది. నా హెడ్ గ్యాస్కెట్ బెంగళూరు నుంచి వచ్చింది.

మన బావి గట్టు మీద నేర్చిన చదువు

మనకు కార్లు లేవు, ఈ చరిత్రతో మనకేం పని అనుకోవద్దు. ఇదే చదువు మన పెద్దలు బావి గట్టు మీద చదివినారు.

కపిల పోయి ఆయిల్ ఇంజన్ వచ్చిన రోజులు మీ ఇంట్లో పెద్దోళ్ళని అడగండి. కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ కంపెనీ 1946లో మొదలైంది. ఆ తర్వాత కరెంటు రాని బావుల మీదికి డీజిల్ ఇంజన్లు ఒక్కొక్కటే చేరినాయి. మా నాయన ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ఆయిల్ చూసేవాడు, నీళ్ళు చూసేవాడు, డీజిల్ పైపులో గాలి పట్టింటే స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా పంపు కొట్టేవాడు. హ్యాండిల్ వేసి తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలని, హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోకూడదని నాకు నేర్పినాడు. ఇంజన్ ఎదురు తిరిగితే వేలు విరుగుతుంది. ఆయన ఏ ఐటీఐలోనూ చదవలేదు. టౌను నుంచి మెకానిక్కు వచ్చేలోపు మడి ఎండిపోతుంది కాబట్టి నేర్చుకున్నాడు.

అంతకంటే ముందు ఎద్దుల బండి ఉంది. ఇరుసుకు కందెన పెట్టకుండా ఎవరైనా బండి కట్టేవారా? ఆముదం కాలువలాగా కారే కందెన గొట్టం బండి కింద వేలాడుతా ఉండేది. ఒక సంగతి చెప్తా, నాకు చాలా నచ్చింది. క్యాస్ట్రాల్ అనే ఆయిల్ పేరు ఉంది కదా, 1909లో ఇంగ్లండు కంపెనీ పెట్టిన పేరు అది. అప్పట్లో ఇంజన్ ఆయిల్లో వాళ్ళు ఆముదం కలిపేవాళ్ళు. ఇంగ్లీషులో ఆముదాన్ని క్యాస్టర్ అంటారు, పేరు అక్కడి నుంచి వచ్చింది. మన గట్ల మీద పెరిగే ఆముదమే రేసు కార్ల ఇంజన్లోకి పోయింది. కందెన మన చదువే, పేరు మాత్రం వాళ్ళు పెట్టుకున్నారు.

పాత బండి ఎంత దూరం పోగలదో చూడాలంటే మన రాష్ట్రంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. రాజకీయం పక్కన పెట్టి బండిని చూడండి. 1982 మార్చిలో పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు గారు ప్రచారానికి కొత్త బండి తీసుకోలేదు. పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించి చైతన్య రథం అన్నారు. స్టీరింగు ఆయన కొడుకు హరికృష్ణ గారు పట్టినారు. 1983 జనవరి ఎన్నికల దాకా ఆ పాత వ్యాన్ పల్లెలూ పట్నాలూ తిరిగింది. ఆ రోజుల్లో మన రోడ్లు ఎట్లుండేవో మీకు తెలుసు. రోజూ ఎవరో ఒకరు నీళ్ళు, ఆయిలు, టైర్లు చూడకపోతే ఏ పాత బండీ అన్నాళ్ళు ఆ రోడ్ల మీద తిరగదు.

నాలుగు ఆదివారాల్లో నేను నేర్చింది

మొదటిది నీళ్ళు. నా బండి కాగడానికి అసలు కారణం ఘాటు కాదు, మా బోరు నీళ్ళు. కొన్నప్పటి నుంచి బోరు నీళ్ళే రేడియేటర్లో పోస్తా వచ్చినాను. మన నీళ్ళల్లో ఉప్పు ఎంతుందో డ్రిప్పు పైపులు చెప్తాయి. డ్రిప్పర్లు మూసుకుపోతే యాసిడ్ పెట్టి కడుగుతాం కదా, రేడియేటర్ లోపల సన్న గొట్టాల్లో కూడా అదే తెల్ల పొర కట్టింది. నీళ్ళు తిరగలేదు, ఇంజన్ కాగింది. డ్రిప్పు గురించి తెలిసిన నాకే ఇది తట్టకపోవడం సిగ్గు అనిపించింది. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోస్తున్నాను. బండి కాగితే ఇంజన్ ఆపేసి, చల్లబడేదాకా మూత ముట్టుకోను. కాగిన ఇంజన్లో చన్నీళ్ళు పోస్తే ఇనుము ఒక్కసారిగా ముడుచుకుని చీలిపోవచ్చు. నా బండికి గ్యాస్కెట్టుతో పోయింది, అదృష్టం.

గ్యాస్కెట్ వేసి హెడ్ బిగించేటప్పుడు భాయ్ నా చేత మధ్య నట్టు నుంచి మొదలుపెట్టించి అంచులకు పోనిచ్చినాడు. ఒకేసారి గట్టిగా కాదు, రెండు మూడు విడతలుగా. ఒక మూల ముందే బిగిస్తే ఇంకో మూల లేస్తుంది, మళ్ళీ నీళ్ళు లీకు.

రెండోది ఆయిలు, కందెన. పొద్దున్నే, ఇంజన్ స్టార్ట్ చేయక ముందు, చదును నేల మీద పుల్ల తీసి చూడాలి. ఈ ఇంజన్లో నాలుగు లీటర్ల పైనే ఆయిల్ పడుతుంది. పాత ఇంజన్ కొంత తాగుతుంది, అది రోగం కాదు. ఎంత తాగుతుందో రాసి పెట్టుకోవాలి. నేను పాల లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీల్లో రాస్తున్నాను. తాగేది ఉన్నట్టుండి పెరిగితే అప్పుడు అది రోగం. ముందు చక్రాల దగ్గర కీళ్ళకు గ్రీజు నిప్పిళ్ళు ఉంటాయి. కొత్త కార్లకు ఇవి దాదాపు కనపడవు, అన్నీ మూసేసి వస్తాయి. పాత బండికి మనమే గన్ను పట్టుకుని పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. ట్రాక్టరుకు కొట్టేవాళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు.

మూడోది స్పార్కు. నా బండిలో కంప్యూటర్ లేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల చిన్న పాయింట్లు ఉంటాయి. పాత రాజ్‌దూత్, బుల్లెట్ నడిపినోళ్ళకు తెలుసు. అవి తెరుచుకుని మూసుకుంటుంటే స్పార్కు పుడుతుంది. ఆ సందు పదిహేను థౌ ఉండాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మిల్లీమీటరు లెక్కన 0.4 కన్నా కాస్త తక్కువ. దాన్ని కొలవడానికి ఫీలర్ గేజ్ అని పలుచని రేకుల కట్ట ఉంటుంది. అరిగే కొద్దీ సందు తగ్గుతుంది, స్పార్కు వెనకపడుతుంది, బండికి లాగుడు తగ్గుతుంది, ఇంజన్ కూడా ఎక్కువ కాగుతుంది. నా బండి ఘాటులో కాగడానికి ఇది రెండో కారణం. నాలుగు సిలిండర్లలో స్పార్కు 1, 3, 4, 2 వరసలో పడాలి. వైర్లు తీసే ముందు వాటికి గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, ఒక ఆదివారం మొత్తం పోయింది.

నాలుగోది బ్రేకు. దీంట్లో ఆటలు వద్దు. పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. ఘాటు దిగేటప్పుడు వేడెక్కితే ఆ తేమ ఆవిరై, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. అందుకని రెండేళ్ళకొకసారి మార్చాలి. బ్రేక్ ఆయిల్ తగ్గితే దాంట్లో ఇంజన్ ఆయిల్ ఎప్పుడూ పోయకండి. లోపలి రబ్బర్లు ఉబ్బిపోయి బ్రేకు పట్టదు. "ఇంజన్ ఆగితే రోడ్డు మీద నిలబడతావు, బ్రేకు పోతే యాడ నిలబడతావో దేవునికే తెలుసు" అని భాయ్ అన్నాడు.

ఐదోది పెట్రోలు. ఇక్కడ కూడా చరిత్ర ఉంది. నా బండి తయారైనప్పుడు పెట్రోలులో సీసం కలిపేవాళ్ళు. ఆ సీసం ఇంజన్లో వాల్వులు కూర్చునే చోటు అరగకుండా కాపాడేది. కానీ పొగలో వచ్చే సీసం పిల్లల మెదడుకు విషం. అందుకని 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. మంచి పనే. పాత ఇంజన్ ఓనరు మాత్రం వాల్వు సందులు అప్పుడప్పుడు కొలిపించుకోవాలి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. చెరకు, మొక్కజొన్న రైతుకు దాంతో గిరాకీ. అయితే ఆ రోజుల రబ్బరు పైపులు, పంపు లోపలి పొరలు దీనికోసం చేసినవి కావు. మెత్తబడతాయి, పగులుతాయి. పెట్రోలు వాసన వస్తే నిర్లక్ష్యం చేయకండి, పైపులు మార్చండి. బండిని నెలల తరబడి నిలబెట్టి ఉంచితే ట్యాంకులో తుప్పు కూడా పడుతుంది. వారానికొకసారి అయినా తిప్పాలి.

బానెట్ ఎప్పుడు మూసుకుంది

1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు ఓనరు చేతికి ఇచ్చినారు. జపాన్ సుజుకీ వాళ్ళ టెక్నాలజీ. చిన్న బండి, తక్కువ పెట్రోలు, పొద్దున తాళం తిప్పితే స్టార్ట్. ఎందుకు కొనరు జనం? అంబాసిడర్ కూడా డీజిల్ ఇంజన్ పెట్టుకుని, తర్వాత జపాన్ ఇసుజు ఇంజన్ పెట్టుకుని పోరాడింది. టాక్సీ వాళ్ళు, ప్రభుత్వ ఆఫీసులు కొన్నాళ్ళు కాపాడినాయి. 2013-14లో అమ్ముడుపోయింది సుమారు 2,200 బండ్లే. 2014 మే 24న ఉత్తర్‌పాడాలో తయారీ ఆపేసినారు. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో 80 కోట్లకు కొనుక్కుంది.

అంబాసిడర్ గొప్ప బండి అని నేను చెప్పడం లేదు. పోటీ లేకపోవడం వల్ల అది నలభై ఏళ్ళు అట్లే ఉండిపోయింది. అది కంపెనీ గొప్పతనం కాదు, కొనేవాళ్ళకు దిక్కులేనితనం. మారుతి వచ్చినాక మామూలు ఉద్యోగస్తుడు, మామూలు రైతు కూడా కారెక్కినాడు. ఆ మేలు కాదనలేం. కానీ దాంతోపాటు ఒకటి పోయింది. బండి చెడకపోయేసరికి మనం బానెట్ ఎత్తడం మానేసినాం. కొన్నాళ్ళకు ఎత్తినా ఏమీ అర్థం కాని బండ్లు వచ్చినాయి. భాయ్ కొడుకులు ఇద్దరూ బెంగళూరులో వేరే పనుల్లో ఉన్నారు. షెడ్డులో ఇప్పుడు ఆయన ఒక్కడే.

మన ట్రాక్టర్లను చూడండి. మా నాయన కాలంలో ట్రాక్టరు దుక్కి మధ్యలో ఆగితే ఫిల్టరు విప్పి, గాలి తీసి మళ్ళీ దున్నేవాళ్ళు. ఇప్పుడు కొత్త బండ్లకు సెన్సార్లు వచ్చినాయి. డిస్‌ప్లేలో ఏదో గుర్తు వెలుగుతుంది. లాప్‌టాప్ తెచ్చేవాడు వచ్చేదాకా ఆగాలి. వాన పడి పదును ఉన్న రెండు రోజులు అట్లే పోతే ఆ నష్టం ఎవరు కట్టిస్తారు? అమెరికాలో రైతులు సొంత ట్రాక్టరు రిపేరు చేసుకునే హక్కు కోసం ఏళ్ళ తరబడి కొట్లాడుతున్నారు. మనం దాకా ఆ రోజు రాకముందే మనకు తెలిసిన పని పిల్లలకు నేర్పాలి. నా అంబాసిడర్ వల్ల నాకు తట్టిన అసలు సంగతి ఇదే.

కొనాలనుకునే వాళ్ళకు రెండు మాటలు

పాత కారు కొనాలనే సరదా ఉంటే ముందు కాయితాలు చూడండి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, తర్వాత ఐదేళ్ళకొకసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. అది ఆగిపోయిన బండిని తక్కువకు ఇస్తామంటే ఆశపడకండి. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే నియమాలు పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం పెద్దగా మార్చని బండ్లకు వీఏ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్తగా చేయించడానికి ఫీజు 20,000. అట్లా చేయించుకుంటే దాన్ని రోజూ వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలుకు మాత్రమే తీయాలి. నా బండికి 2027లో యాభై నిండుతాయి. నేను మాత్రం వింటేజ్ చేయించను. నాకు అది సంతకు, పెండ్లికి, గుడికి పోయే బండి.

రెండోది, కొనక ముందే మీకు దగ్గర్లో ఆ బండి తెలిసిన మెకానిక్కు ఉన్నాడో లేడో చూడండి. బండి ధర కన్నా ముందు ఆ మనిషిని వెతకండి. దొరికితే పని ఇచ్చి వదిలేయకండి, పక్కన కూర్చోండి.

పోయిన నెల మళ్ళీ అదే ఘాటు ఎక్కినాం. కింద ఒకసారి ఆపి నీళ్ళు, ఆయిలు చూసినాను. మలుపుల్లో గేరు ముందే తగ్గించినాను. ముల్లు మధ్యలోనే ఉంది. పైకి చేరినాక పిల్లోళ్ళు దిగి గాలిలోకి పరిగెత్తినారు. నేను అలవాటుగా బానెట్ ఎత్తి చూసినాను. మా చిన్నాయన వెనకాల వచ్చి తొంగి చూసి, "ఏందిరా చూస్తా ఉండావు?" అన్నాడు. ఫీలర్ గేజ్ తీసి పాయింట్లు చూపించినాను. ఆయన చాలాసేపు చూసి, "మన పాత ఆయిల్ ఇంజన్ షెడ్డులో ఇంకా ఉండాది కదరా. దాన్నొకసారి చూద్దామా?" అన్నాడు.

వచ్చే ఆదివారం అదే పని. మీ ఇండ్లల్లో కూడా షెడ్డులో మూలకు పడి ఉన్న పాత ఇంజనో, జీపో, ట్రాక్టరో ఉంటే ఫోటో పెట్టండి. దాన్ని మొదట ఎవరు నడిపినారో, పని ఎవరి దగ్గర నేర్చినారో రెండు ముక్కలు రాయండి. ఆ పెద్దోళ్ళు ఉండగానే అడిగి పెట్టుకుందాం.